సముద్రానికి సెలవులు ఉన్నాయి, మరి అమ్మకు?



ఏప్రిల్ 15 రాగానే మన తూర్పు తీరం పొడవునా మరపడవలు ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, యంత్రం బిగించిన పడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతిని వృద్ధి చేసుకునే కాలమది. ఈ రెండు నెలలు కడలిని వదిలిపెడితేనే తరువాతి నెలల్లో వలలు నిండుతాయి.

దాదాపు అవే రోజుల్లో బడులకు వేసవి సెలవులు. పట్నాల్లో ఉన్న పిల్లలు కోనసీమకో, బందరు, బాపట్ల వైపుకో, ఉప్పాడ, భీమిలి తీరాలకో అమ్మమ్మగారింటికి చేరతారు. ఇల్లు కళకళలాడుతుంది. అయితే జూన్‌లో బడి గంట మోగినప్పుడు ప్రతి ఇంటా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ సెలవుల్లో నిజంగా విశ్రాంతి ఎవరికి దొరికింది? పిల్లలకు దొరికింది. పది రోజులు సెలవు పెట్టి వచ్చిన అల్లుడుగారికి కొంత దొరికింది. పదిహేనుమందికి మూడు పూటలా వండి వార్చిన అమ్మమ్మకు, అమ్మకు, పిన్నికి? ఈ వారం మన పాఠం అదే.

విశ్రాంతి దేవుని ఆజ్ఞ

విశ్రాంతి అంటే సోమరితనమని మనలో చాలామంది అభిప్రాయం. వేదం అలా చెప్పదు. పది ఆజ్ఞలలో మూడవది ప్రభుదినాన్ని పరిశుద్ధంగా పాటించమంటుంది. నిర్గమకాండం 23వ అధ్యాయం 12వ వచనం చదవండి. ఇంటి యజమాని పని ఆపవలసింది తన కోసం మాత్రమే కాదు. ఎద్దు, గాడిద, దాసి కుమారుడు, పరదేశి, వీరందరూ సేదదీరాలని దేవుని సంకల్పం. లేవీయకాండం 25వ అధ్యాయం ఏడేళ్లకొకసారి పొలానికి కూడా విశ్రాంతినివ్వమంటుంది. కాబట్టి సముద్రానికి సెలవు ఇవ్వడం వేదానికి కొత్త సంగతి కాదు. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ నిర్గమకాండ వచనాన్నే గుర్తుచేసి, విశ్రాంతి మన కళ్లు తెరిచి ఇతరుల హక్కులను చూపిస్తుందని బోధించారు.

మార్కు సువార్త 6వ అధ్యాయంలో వేదప్రచారం ముగించుకొని వచ్చిన శిష్యులకు అన్నం తినే తీరిక కూడా లేకపోయింది. ప్రభువు వారిని పడవ ఎక్కించి ఏకాంత స్థలానికి తీసుకుపోయారు. అలసినవారిని గుర్తించి విశ్రాంతికి పిలిచింది ప్రభువే. మన ఇళ్లలో అలసినవారిని గుర్తించేది ఎవరు?

విల్లు కథ, మూడు హద్దులు

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలో తన 'సుమ్మా తెయొలోజియే' గ్రంథంలో ఆటపాటల గురించి కూడా చర్చించారంటే కొందరికి వింతగా ఉంటుంది. అందులో ఆయన ఒక పాత కథ చెబుతారు. సువార్తికుడైన పునీత యోహాను తన శిష్యులతో కలిసి ఆడుకుంటుంటే కొందరు చూసి తప్పుపట్టారు. యోహాను వారిలో విల్లు పట్టుకున్న ఒకనిని పిలిచి బాణం వేయమన్నారు. అతడు కొన్ని బాణాలు వేశాక, ఇలా ఆగకుండా వేయగలవా అని అడిగారు. అలా వేస్తే విల్లు విరిగిపోతుందన్నాడు అతడు. మనిషి మనసు కూడా అంతే, ఎప్పుడూ బిగించి ఉంచితే విరిగిపోతుందని యోహాను జవాబిచ్చారు.

ఆ వెంటనే తోమాసుగారు ఆటకు మూడు హద్దులు గీస్తారు. మొదటిది, నీచమైన మాటలలో, హాని చేసే పనులలో వినోదం వెదకరాదు. రెండవది, వినోదంలో పడి మనసు నిలకడను పూర్తిగా పోగొట్టుకోరాదు. మూడవది, మనిషిని, సమయాన్ని, స్థలాన్ని బట్టి ఆట ఉండాలి. నీటి ఒడ్డున గడిపే సెలవులకు ఈ మూడూ చక్కగా సరిపోతాయి.

మొదటి హద్దు: ప్రాణానికి హాని వద్దు

ఐదవ ఆజ్ఞ ఇతరుల ప్రాణంతోపాటు మన ప్రాణాన్నీ కాపాడుకోమంటుంది. మద్యం సేవించి సముద్రంలో దిగడం, స్నేహితులు కవ్వించారని లోతుకు పోవడం సరదా కాదు, పాపానికి దారి. ఈ విషయాలు పిల్లలకు ముందే నేర్పండి.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవాలి. కొన్నిచోట్ల ఆ నీరంతా ఇరుకైన పాయగా కూడి వేగంగా వెనక్కు లాగుతుంది. అక్కడ అలలు అంతగా విరగవు కనుక నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. తెలియనివారు అదే మంచి చోటనుకొని దిగుతారు. అందులో చిక్కినవారు నేరుగా ఒడ్డుకు ఎదురీదితే అలసి మునిగిపోతారు. ఒడ్డు వెంబడే పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లాలి. ఈదలేకపోతే తేలుతూ, చెయ్యి పైకెత్తి కేక వేయాలి. మునుగుతున్నవారి కోసం ఈత రాకుండా దూకితే ఒకరికి ఇద్దరు పోతారు. తాడో, గాలి ట్యూబో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరండి.

గోదావరిలోను, కృష్ణలోను ఇసుక తవ్విన చోట మోకాలిలోతు నీరు ఒక్క అడుగు తేడాలో తల మునిగేంత అవుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పిల్లలు దిగి ఆడుకున్న చోటే, నీళ్లు వదిలాక లోతూ వడీ మారిపోతాయి. ఏ రేవు మంచిదో ఊరివారినే అడగాలి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపు పెద్దవారొకరు ఫోను పక్కన పెట్టి వారినే చూస్తుండాలి.

రెండవ హద్దు: మనసు నిలకడ

ప్రభుదినానికి సెలవులు లేవు. శ్రీసభ చట్టం 1247 ఆదివారం దివ్యపూజలో పాల్గొనమంటుంది. మనసుకు, శరీరానికి తగిన విశ్రాంతిని అడ్డగించే పనులు మానమని కూడా అదే చెబుతుంది. రెండూ ఒకే ఆజ్ఞ. ఏ ఊరు వెళ్లినా అక్కడి గుడిలో పూజ వేళలు శనివారమే తెలుసుకోండి. మే మాసం మరియమాతకు అంకితం. చీకటి పడ్డాక డాబా మీద చాపలు పరచి, గాలి తగిలే వేళ, ఇంటిల్లిపాది జపమాల చెప్పుకోండి. ఒక్కొక్క దశకం ఒక్కొక్క పిల్లవానికి, పిల్లకు అప్పగించండి.

పగటివేళ సృష్టిని చూపించండి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకు తీసుకువెళ్లి, ఉప్పునీటిలో ఆ చెట్లు గాలి కోసం వేళ్లను పైకి ఎలా పంపుతాయో, తుపాను అలల ఉధృతిని ఎలా తగ్గిస్తాయో చెప్పండి. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట సంగతి, దాని కాలువలతో డెల్టా ఎలా పండిందో తాతయ్య చేత చెప్పించండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరాలు మనవి. ఆ ఇసుకలో ప్లాస్టిక్ కవరు వదిలి రావడం కూడా సృష్టికర్తను అవమానించడమే.

మూడవ హద్దు: ఎదుటి మనిషిని చూడటం

ఒడ్డున పడవలకు రంగులు వేస్తూ, చిరిగిన వలలు బాగుచేసుకుంటూ మత్స్యకారులు కనిపిస్తారు. సముద్రానికి అది విశ్రాంతి, వారికి మాత్రం ఆదాయం తగ్గిన కాలం. మన పిల్లల సెలవు, వారి పిల్లల ఇబ్బంది ఒకే వేసవిలో వస్తాయి. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను ఆ వృత్తివారే. వారిని గౌరవంగా పలకరించండి. పడవ షికారుకు, ఎండుచేపలకు గీచి గీచి బేరమాడకండి. మన వినోదం కోసం పనిచేసే డ్రైవరుకు, వంటమనిషికి కూడా ఆదివారం తీరిక దొరకాలి. ప్రభుదినాన్ని పాటించడానికి ఇతరులకు ఆటంకం కలిగించే పనులు అనవసరంగా పురమాయించవద్దని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2187వ సంఖ్యలో బోధిస్తున్నది.

ఇక మన వంటింటికి వద్దాం. యోహాను సువార్త 21వ అధ్యాయంలో రాత్రంతా వల వేసి అలసిన శిష్యులు తెల్లవారి ఒడ్డుకు చేరేసరికి, బొగ్గుల మంట మీద చేపలు, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. సిద్ధం చేసింది ఉత్థాన ప్రభువే. మృత్యువును జయించినవారు నిప్పు రాజేసి, అలసినవారికి వడ్డించారు. అలాంటప్పుడు పొయ్యి దగ్గరకు పోవడం మగవారికి నామోషీ ఎలా అవుతుంది?

ఈ సెలవుల్లో వారానికి ఒక పూట వంట నాన్న, మేనమామ, పెద్ద పిల్లలు కలిసి చేయాలి. ఆవకాయ పెట్టే రోజు కాయలు కొట్టడం, తుడవడం అందరూ పంచుకోవాలి. సాయంత్రం తీరానికి వెళ్లేటప్పుడు అమ్మమ్మను ఇంటికి కాపలాగా వదలకండి. ఆమెకు కుర్చీ వేసి, అలలు కాళ్లను తాకేచోట కూర్చోబెట్టండి. ఏళ్ల తరబడి సముద్రం పక్కనే ఉన్నా, తీరిగ్గా కూర్చుని చూడని తల్లులు మన విచారణల్లో ఉన్నారు.

ఇంటిల్లిపాది చర్చించుకోవడానికి

1. కిందటి వేసవిలో మన ఇంట్లో అందరికంటే తక్కువ విశ్రాంతి పొందినది ఎవరు? వారినే అడిగి తెలుసుకోండి.

2. వారి పనిలో ఏది, ఏ రోజు, ఎవరు తీసుకుంటారు? పేర్లు రాసి వంటింటి గోడకు అంటించండి.

3. నీటి వద్ద పాటించవలసిన జాగ్రత్తలు మూడింటిని మన పిల్లలు చూడకుండా చెప్పగలరా?

4. ఈ సెలవుల్లో మన ఇంటి నుండి ఏ మత్స్యకార కుటుంబాన్ని పలకరించగలం?

అలసినవారిని పడవలో ఏకాంతానికి తీసుకుపోయిన ప్రభువు మీ ఇళ్లలో అలసినవారిని మీకు చూపించుగాక. సముద్రతార అయిన మరియమాత మీ పిల్లలను నీటి వద్ద, దారిలో కాపాడుగాక.