చెయ్యి వదలడం నేర్చిన తల్లి

కాజీపేట జంక్షన్‌లో కాలేజీలు తెరిచే రోజుల్లో ఒక దృశ్యం మామూలే. రైలు కదులుతున్నా కిటికీ ఊచల్లోంచి పిల్లవాడి చెయ్యి వదలదు తల్లి. "చేరంగనే ఫోన్ చెయ్యి బిడ్డా" అంటూ నాలుగడుగులు రైలుతో పాటే నడుస్తుంది. ఆ చెయ్యి ఎలా వదలాలో ఏ బడిలోనూ నేర్పరు.

జపాన్ యానిమేషన్ చిత్రం 'మాకియా' కథంతా దాని చుట్టూనే. 2018 ఫిబ్రవరిలో విడుదలైన ఈ సినిమాలో ఇయోర్ఫ్ అనే జాతివాళ్లు వందల ఏళ్లు బతుకుతారు, పదిహేనేళ్ల ప్రాయం దగ్గరే ఆగిపోతారు, గడిచిన రోజుల్ని గుడ్డగా నేస్తారు. శత్రువుల దాడిలో ఊరు కోల్పోయిన ఆ జాతి అమ్మాయి మాకియాకు, చనిపోయిన ఒక తల్లి చేతుల్లో పసివాడు కనిపిస్తాడు. బిగుసుకుపోయిన ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి బిడ్డను ఎత్తుకుంటుంది. వదలడం గురించిన కథ అలా పట్టు విడిపించడంతోనే మొదలవుతుంది. రాసి, తీసిన మారి ఒకాదా కూడా ఒంటరి తల్లి పెంచిన బిడ్డే. చిన్నతనంలో ఏళ్ల తరబడి బడికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. దర్శకత్వం ఆమెకు ఇదే మొదటిసారి.

మాకియాకు పిల్లల్ని సాకడం రాదు. ఆశ్రయమిచ్చిన పల్లెలో ఇద్దరు కొడుకుల్ని ఒంటిచేత్తో పెంచుతున్న మీడోను చూసి నేర్చుకుంటుంది. బతుకుదెరువు మాత్రం తన మగ్గమే. వరంగల్ కొత్తవాడ నేతన్నలకు ఈ కథ కొత్తగా అనిపించకపోవచ్చు. ఎంత మురిపెంగా నేసినా, గుడ్డను మగ్గం మీంచి కోసి దించాల్సిందేగా!

కొడుకు ఏరియల్ ఎదుగుతాడు. వయసు పెరగని తల్లి అతనికి చెల్లెలిలా కనిపిస్తుంది. అమ్మా అనే పిలుపు ఆగుతుంది. ఇల్లు విడిచి సైన్యంలో చేరతాడు. తర్వాత యుద్ధం మధ్యలో అతని భార్యకు పురుడు పోసేది మళ్లీ ఆ తల్లే.

నిజ జీవితంలో, వరంగల్ ప్రాంతపు జ్యోతిరెడ్డి కథలోనూ ఎడబాటే, అదీ రెండు తరాలది. కన్నవాళ్లుండగానే పేదరికం వల్ల అనాథాశ్రమంలో పెరిగింది. పద్దెనిమిదేళ్లకే ఇద్దరు ఆడపిల్లల తల్లి. పొలంలో రోజుకు 5 రూపాయల కూలి. 2000లో కూతుళ్లను ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లింది, ఫీనిక్స్‌లో కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ నెలకొల్పింది. సభల్లో అందరూ కంపెనీనే పొగుడుతారు. కూతుళ్లను విడిచి విమానమెక్కిన రోజే అంతకంటే పెద్దది.

మాకియాతో పోలిక పూర్తిగా కుదరదు, జ్యోతిరెడ్డి ఒంటరి తల్లి కాదు. ఇద్దరిలోనూ కలిసేది ఒక్కటే: చేతిలో తనదంటూ ఒక పని. పిల్లలే సర్వస్వమైన తల్లికి, హాస్టల్ పెట్టె సర్దడమంటే తన పదవీ విరమణ కాగితం తానే రాసుకోవడం. ఆ రోజు వచ్చాక పని వెతుక్కుంటే ఆలస్యమే. పిల్ల ఏడో తరగతిలో ఉండగానే హన్మకొండ చౌరస్తాకు ఒంటరిగా బస్సెక్కనివ్వాలి. ఆ గంటలో తల్లి ఫోన్ పక్కన పెట్టి, ఆపేసిన కుట్టుమిషనో, చదువో మళ్లీ ముందేసుకోవాలి.

'మాకియా' నిడివి 115 నిమిషాలు. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే, వాళ్లకు చూపించే ముందు ఒక్కసారి మీరొక్కరే చూడండి.