బండి కింద పడుకుంటే కనిపించేవి

మా బాబాయి భీమవరం దగ్గర చెరువుల నుంచి ప్లాంటుకి పికప్‌లో రొయ్యలు తోలతాడు. కిందటి నవంబరు వరికోతలప్పుడు బండి అరవై దాటితే చాలు, సీటు కింద సన్నగా అదురు వచ్చేది. "రోడ్డు బాగోలేదురా, అంతే" అన్నాడు. పది రోజులకి లోడుతో వెళ్తుంటే వెనక హౌసింగ్‌లోంచి కూత మొదలై, చివరికి పినియన్ బేరింగ్ జామ్ అయింది. ఇంకో బండి దొరికేసరికి ఐసు సగం కరిగింది, ప్లాంటులో రేటు తెగ్గోశారు. కింద దూరి చూస్తే ప్రొపెల్లర్ షాఫ్టుకి వరిగడ్డి తాడు పేనినట్టు చుట్టుకుని ఉంది. రోడ్డు మీద ఆరబోసిన గడ్డి! ఆ పీచు పినియన్ ఆయిల్ సీలు అంచులో దూరి దాన్ని కోసేసింది. నూనె బొట్టు బొట్టుగా కారిపోయింది.

ముందు ఆ అదురు సంగతి చూద్దాం. టైరు వ్యాసార్థం 35 సెంటీమీటర్లు, డిఫరెన్షియల్ నిష్పత్తి నాలుగు అనుకోండి. బండి గంటకి 80 కిలోమీటర్ల మీద ఉంటే షాఫ్టు నిమిషానికి దాదాపు 2400 సార్లు, అంటే సెకనుకి 40 సార్లు తిరుగుతుంది. కేంద్రం నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఒక పక్కన 50 గ్రాముల బురద అంటుకుందనుకుంటే, అది బయటికి లాగే బలం సుమారు 13 కిలోల బరువంత! వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలు. అందుకే ఊళ్ళో తిరిగేటప్పుడు తెలియనిది హైవే ఎక్కగానే తెలుస్తుంది. షాఫ్టు మీద అక్కడక్కడా వెల్డు చేసిన చిన్న రేకు ముక్కలు బ్యాలెన్స్ కోసం పెట్టినవి. తుప్పు పట్టిన రేకేదో అనుకుని ఊడగొట్టకండి. షాఫ్టు బోలుగొట్టం కాబట్టి రాయి తగిలి సొట్ట పడినా బ్యాలెన్స్ చెడుతుంది, మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. సొట్టను సుత్తితో సరిచేయడం కుదరదు, మార్చాల్సిందే. జాకీని షాఫ్టు కింద పెట్టేవాళ్ళూ ఉన్నారు, దండం పెట్టి ఆపండి.

రెండోది క్రాస్, అదే యూనివర్సల్ జాయింట్. జాయింట్ కోణం 10 డిగ్రీలుంటే, ఇటు సమంగా తిరిగినా అటు వేగం ప్రతి చుట్టుకీ రెండుసార్లు దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రెండో జాయింట్ దీన్ని సరిదిద్దుతుంది, కానీ షాఫ్టు రెండు చివర్ల యోక్‌లు ఒకే వరసలో ఉంటేనే. రిపేరు తర్వాత స్ప్లైన్ ఒక్క పన్ను అటూ ఇటూ ఎక్కిస్తే, కొత్త క్రాస్ వేసినా బండి వణుకుతుంది. మాకూ అదే జరిగింది, మళ్ళీ విప్పించాం. విప్పేముందు సుద్దముక్కతో రెండు గీతలు గీస్తే సరిపోయేది!

గ్రీజు గన్‌తో కొట్టేటప్పుడు నాలుగు కప్పుల్లోంచీ కొత్త గ్రీజు బయటికొచ్చే దాకా కొట్టాలి. మూడింటిలో వచ్చి ఒకదాంట్లో రాలేదంటే ముందు పోయేది అదే. ప్రెషర్ వాటర్‌ను ఆ సీళ్ళ మీదికి సూటిగా కొట్టించొద్దు.

వాగు దాటేటప్పుడు ఇంకో చిక్కు. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లనీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్‌లోంచీ సీళ్ళలోంచీ నీళ్ళను లోపలికి లాక్కుంటుంది. డిప్‌స్టిక్ ఉండదు కాబట్టి ఫిల్లర్ బోల్టు విప్పి చూడాలి. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే మార్చేయాలి. బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తగిలించి ఛాసిస్ పైదాకా తీసుకెళ్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

రొయ్యల బండికి ఉప్పు కూడా శత్రువే. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ఛాసిస్ మడతల్లో నిలిచిపోతాయి. పైన అండర్ కోటింగ్ కొట్టించారు కదా అంటే, తుప్పు గీకకుండా కొడితే అది తడిని లోపలే బంధిస్తుంది, పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల తింటూ పోతుంది. నీళ్ళు కారే రంధ్రాలు మూసుకుపోకూడదు. షాఫ్టు, బ్రేకులు, సైలెన్సర్‌ల మీద కోటింగ్ పడకూడదు. చాలామంది పాత ఇంజనాయిల్ పూస్తారు, దానికి రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, చెరువుగట్టు మీద కారితే ఆ నీళ్ళూ పాడే.

రాళ్ళదారి బండికి కింద రేకు కవచం మంచిదే. కానీ మా దారిలో అది గడ్డిని పట్టి సైలెన్సర్ దగ్గరే దాచిపెడుతుంది. డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 డీజిల్ బండి మసిని కాల్చుకునేటప్పుడు లోపల వేడి 600 డిగ్రీల దాకా వెళ్తుంది. ఎండుగడ్డికి అంత అక్కర్లేదు. అందుకే బాబాయి కవచం వద్దన్నాడు. షాఫ్టు ముందు చివర దగ్గర మాత్రం ఛాసిస్‌కి ఒక ఇనుప వలయం బిగించాం. క్రాస్ విరిగినా షాఫ్టు జారి రోడ్డులో గుచ్చుకోకుండా అది పట్టుకుంటుంది.

ఇప్పుడు కోతల కాలంలో సాయంత్రం బండి ఆపి, సైలెన్సర్ చల్లారాక, టార్చిలైటు, కొడవలి పట్టుకుని బాబాయి కింద దూరుతున్నాడు. చేతిబ్రేకు వేసి, చక్రాలకి రాళ్ళు పెట్టడం నా పని.