తనది కాని కవచము

పాఠ్యభాగము: 1 సమూయేలు 16:11–23, 17:12–40



వేసవిలో పరీక్షా ఫలితములు వెలువడినది మొదలు మా యింటి అరుగు ఖాళీగా ఉండదు. ఒక తండ్రి కుమారుని వెంటబెట్టుకొని వచ్చును. ఒక తల్లి కుమార్తె మార్కుల కాగితమును మడిచి కొంగున దాచుకొని వచ్చును. అందరును అడుగునది ఒక్కటే: “అయ్యగారూ, వీణ్ణి ఏ చదువులో చేర్చమంటారు?” నేను పిల్లవానివైపు తిరిగి, “నీకేమి ఇష్టము బాబూ?” అని అడుగుదును. వాడు తల వంచుకొని, కాలి బొటనవ్రేలితో నేల గీయుచు, “ఏమో అయ్యగారూ, తెలియడం లేదు” అనును.

ఆ “తెలియడం లేదు” అను మాటను గూర్చియే ఈ మాసపు పాఠము.

పిల్లవానిని అడుగుట నాకు మొదటినుండి ఉన్న అలవాటు కాదు. అడుగకపోవుటచేత ఒక కుటుంబమునకు నష్టము కలిగినది. ఆ సంగతి సంఘము ఎదుట చెప్పుటకు నాకు సిగ్గుగానే యున్నది. అయినను వారి అనుమతితో చెప్పుచున్నాను.

సుమారు పన్నెండు సంవత్సరముల క్రిందట మన సంఘములోని ఒక తండ్రి నా యొద్దకు వచ్చి, “మావాణ్ణి ఇంజనీరింగులో చేరుస్తున్నాను, ప్రార్థన చేయండి అయ్యగారూ” అనెను. కాలేజీ ఫీజు కొరకు ఎకరము పొలము కుదువపెట్టియుండెను. కుమారుడు ప్రక్కనే నిలువబడియుండెను. ఆ పిల్లవాడు చిన్నతనమునుండి ఊరిలో ఎవరి బోరు మోటారు చెడిపోయినను విప్పి చూచువాడు. కాలిన వాసన చూచి లోపమెక్కడో చెప్పగలవాడు. లెక్కల పుస్తకము తెరచినచో వానికి నిద్ర వచ్చును. ఇదంతయు నాకు తెలిసియే యుండెను. అయినను వాని తలమీద చేయి ఉంచి ప్రార్థించి పంపివేసితిని గాని, వానిని ఒక్క మాటయైనను అడుగలేదు.

రెండవ సంవత్సరము సగములో వాడు తిరిగి వచ్చెను. తప్పిన పరీక్షలు తొమ్మిది. ఒక సంవత్సర కాలము ఇంటి గడప దాటలేదు, ఆరాధనకును రాలేదు. పిమ్మట పట్టణములో మోటారు వైండింగు షాపులో పనికి చేరెను. నేడు వానికి సొంత షాపు ఉన్నది. చుట్టుప్రక్కల నాలుగు ఊళ్ల రైతులు వాని యొద్దకే వచ్చుచున్నారు. కాని ఆ ఎకరము ఇంకను తిరిగి రాలేదు. ఒకనాడు వాడు నాతో, “అయ్యగారూ, ఆ రోజు మీరు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. నాన్న ముందు నాకై నేను చెప్పలేకపోయాను” అనెను. ఆ మాట నన్ను దావీదు చరిత్ర యొద్దకు మరల నడిపించినది.

1. అభిషేకము తరువాత గొఱ్ఱెలు

సమూయేలు తైలముతో దావీదును అభిషేకించెను. మరునాడు దావీదు ఏమి చేసెను? సింహాసనము వెదకుకొనుచు బయలుదేరెనా? లేదు. కొంతకాలమైన పిమ్మట సౌలు దూతలు యెష్షయి ఇంటికి వచ్చినప్పుడు అతడు గొఱ్ఱెల యొద్దనే యుండెను (16:19). రాజనగరులో కొలువు దొరకిన తరువాత సహితము అతడు బేత్లెహేమునకు వచ్చి తండ్రి మందను మేపుచు, అటునిటు తిరుగుచుండెను (17:15). రాజగునప్పటికి అతనికి ముప్పది యేండ్లు (2 సమూయేలు 5:4).

యౌవనస్థుడా, గమ్యము తెలియని కాలము వ్యర్థమైన కాలము కాదు. దేవుడు నీ జీవితమంతటిని ఒక్క దినమున నీకు చూపునని ఎక్కడను వ్రాయబడలేదు. ఈ దినమున చేతికి వచ్చిన పనిని నమ్మకముగా చేయువానికి రేపటి పని తెలియును. నేనును డిగ్రీ చదివిన పిమ్మట ఏ దారియు తోచక రెండేండ్లు ఒక ఎరువుల కొట్టులో లెక్కలు వ్రాసితిని. అప్పుడది శిక్షవలె తోచెను. కాని అప్పు తీర్చలేని రైతు కొట్టు మెట్లమీద కూర్చుండి తన బాధ చెప్పుకొనుచుండగా వినుట నేను అక్కడనే నేర్చుకొంటిని. సెమినరీలో నేర్చుకొన్న దానికంటె అది నా పరిచర్యకు తక్కువగా ఉపయోగపడలేదు.

2. సౌలు కవచము

సౌలు దుర్బుద్ధితో తన కవచమును ఇయ్యలేదు. తనకున్నదానిలో శ్రేష్ఠమైనది ఇచ్చెను. దావీదును దానిని త్రోసివేయలేదు. తొడుగుకొని నడచి చూచెను. చూచి, అలవాటు లేని దీనితో నేను పోజాలనని చెప్పి తీసివేసెను (17:38–39). ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, పరీక్షించి చూచిన తరువాతనే తీసివేసెను. రెండవది, రాజు ఏమనుకొనునోయని భయపడి దానిని మోయుచు యుద్ధమునకు పోలేదు.

మన ఊళ్లలో సౌలు కవచములు చాలా ఉన్నవి. పొరుగింటి పిల్లవాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచున్నాడు గనుక మనవాడును అదే చేయవలెనని కోరుట ఒక కవచము. తండ్రి చదువలేకపోయిన చదువును కుమారునిచేత చదివింపబూనుట మరియొక కవచము. అవి చెడ్డవి కావు. సరిపోయినవానికి అవి రక్షణ. సరిపోనివానికి బరువు.

3. సింహమును ఎలుగుబంటియు

దావీదు కవచము తీసివేసి వట్టి చేతులతో పోలేదు. వడిసెలయు, అయిదు నున్నని రాళ్లును తీసికొనెను. ఎవరును చూడని అడవిలో సింహమును, ఎలుగుబంటిని ఎదిరించిన అనుభవము అతనికుండెను. ఆ అనుభవములో దేవుని సహాయమును చూచెను గనుక రాబోవు దానికి ధైర్యము కలిగెను (17:34–37). మోషేను పిలిచినప్పుడు దేవుడు మొట్టమొదట ఆయన చేతిలో ఏమున్నదని అడిగెను (నిర్గమకాండము 4:2). అది గొఱ్ఱెల కాపరి కఱ్ఱయే.

కాబట్టి, “నేనేమి కావలెను?” అను ప్రశ్నకు ముందు, “ఇంతవరకు దేవుడు నా చేత ఏమి చేయించెను?” అని అడుగుకొనుము. ఏ పని చేయునప్పుడు నీకు ప్రొద్దు తెలియదు? ఏ పని కొరకు ఇరుగుపొరుగువారు నిన్ను పిలుతురు? లెక్క చూడుమనియా, జబ్బు మనిషి యొద్ద కూర్చుండుమనియా, చిన్నపిల్లలకు పాఠము చెప్పుమనియా? తన వరము తనకు కనబడకపోవచ్చును. దావీదు సితార చక్కగా వాయించునని రాజునకు చెప్పినది దావీదు కాదు, ఒక పనివాడు (16:18).

కొందరు చీటీలు వ్రాసి, ప్రార్థించి, ఒకటి తీయుదురు. కొందరు కన్నులు మూసికొని బైబిలు తెరచి వ్రేలు పెట్టుదురు. అపొస్తలులును చీట్లు వేసిరి గదా అని నన్ను అడిగినవారున్నారు. నిజమే. కాని వారు మొదట తగినవారు ఎవరో పరిశీలించి, ఇద్దరిని నిలువబెట్టిన తరువాతనే చీట్లు వేసిరి (అపొ. కార్యములు 1:21–26). దేవుడిచ్చిన బుద్ధిని ఉపయోగించుట అవిశ్వాసము కాదు.

4. తలుపు తట్టిన అక్కర

మన వరమును చూచుకొనిన చాలదు, పొరుగువాని అక్కరను కూడ చూడవలెను. వేలూరు ఆసుపత్రిని మనలో అనేకులు ఎరుగుదురు. దానిని స్థాపించిన ఐడా స్కడ్డర్ 1870లో రాణిపేటలో మిషనరీ కుటుంబమున పుట్టినది. ఆమె మిషనరీ కావలెనని కోరుకొనలేదు. అమెరికాకు తిరిగిపోవలెననియే ఆమె ఆశ. తిండివనములో ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడుమని వేడుకొనిరి. ఆమెకు వైద్యము తెలియదు. డాక్టరైన ఆమె తండ్రిని, పురుషుడను కారణమున వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె వైద్యము చదివి, 1899లో పట్టము పొంది, తిరిగి వచ్చి, 1918లో వేలూరులో స్త్రీలకొరకు వైద్య పాఠశాల తెరచినది.

మీ ఊరిలో ఎవరు తలుపు తట్టుచున్నారు? ఏ పనికి మనిషి దొరకక జనులు కష్టపడుచున్నారు? మీ కుమార్తెలను కూడ ఈ ప్రశ్న అడుగుడి. కుమారుని చదువుకు పొలము కుదువపెట్టి, కుమార్తెను మాత్రము పెండ్లివరకు ఇంటనుంచుట న్యాయము కాదు.

5. మూయబడిన తలుపులు

పౌలు ఆసియలో బోధింపబోగా ఆటంకము కలిగెను. బితూనియకు పోబూనగా అదియు మూయబడెను. రెండు తలుపులు మూయబడిన పిమ్మటనే త్రోయలో మాసిదోనియ దర్శనము వచ్చెను (అపొ. కార్యములు 16:6–10). ఆయన కదలుచుండగా దారి చూపబడెను.

మన తెలుగు సంఘములకు ప్రియుడైన అజరయ్య బిషప్పుగారి జీవితమును అట్టిదే. 1874లో తిరునెల్వేలి ప్రాంతమున ఒక గ్రామ పాదిరి ఇంట పుట్టి, వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పనిచేసెను. తమిళ క్రైస్తవులే సువార్తికులను పంపవలెనను భారము కలిగి, 1903లో ఒక మిషనరీ సంఘము స్థాపించుటకు తోడ్పడెను. పిమ్మట 1909లో తానే తెలుగు దేశమునకు దోర్నకల్లు వచ్చి, తనది కాని భాషను నేర్చుకొనెను. 1912లో బిషప్పుగా అభిషేకింపబడెను. ఒక్కొక్క అడుగు వేయగా పై అడుగునకు చోటు కనబడెను.

కాబట్టి దారి మార్చుకొనినవానిని చూచి నవ్వకుడి. ఓడి ఇంటికి వచ్చిన బిడ్డను నలుగురిలో ఎత్తిపొడువకుడి. కవచము తీసివేసినవాడు యుద్ధము మానినవాడు కాడు.

ఈ మాసములో చేయవలసినది

పొలము కుదువపెట్టుటకు ముందు మూడు లెక్కలు వ్రాయుడి: ఆ చదువు ఎన్ని యేండ్లు? హాస్టలు, పుస్తకములతో కూడ మొత్తము ఎంత? నడుమ ఆగినచో చేతిలో ఏమి మిగులును? ఆ చదువు ముగించినవారిని ఇద్దరిని కలిసికొని, ఇప్పుడు వారు ఏమి చేయుచున్నారో అడుగుడి. వీలైనయెడల బిడ్డను కొన్ని దినములు అట్టి పని జరుగుచోట ఉంచుడి.

పదవ తరగతి తరువాత ఇంటర్మీడియెటు ఒక్కటే దారి కాదు. ఐ.టి.ఐ.లో వెల్డరు పని ఒక సంవత్సరము; ఎలక్ట్రీషియను, ఫిట్టరు పనులు రెండు సంవత్సరములు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడు సంవత్సరములు. అది ముగించినవాడు ప్రవేశపరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. ఇంటర్మీడియెటు తరువాత బి.ఎస్సి. నర్సింగు నాలుగు సంవత్సరములు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద కర్మాగారములలో పని నేర్చుకొనువారికి ఆ కాలములో భృతి దొరకును. చిన్న దారిగా కనబడినది పెద్ద దారిలో కలియవచ్చును. పౌలు డేరాలు కుట్టెను (అపొ. కార్యములు 18:3), మన ప్రభువు వడ్రంగి పని చేసెను (మార్కు 6:3). చేతిపనిని తక్కువగా చూచుటకు క్రైస్తవునికి అధికారము లేదు.

అన్నిటికంటె ముందు, తలిదండ్రులారా, ఒక సాయంకాలము బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడి. “తెలియదు” అనినయెడల కోపపడకుడి. మరునాడు మరల అడుగుడి. యెష్షయి తన చిన్న కుమారుని పిలువనైనను పిలువలేదు (16:11). అతనిని పిలిపించువరకు సమూయేలు భోజనమునకు కూర్చుండనని చెప్పెను. మన యిండ్లలోను పిలువబడని బిడ్డలున్నారు.

సంఘకూటములో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. అభిషేకము తరువాత దావీదు మంద యొద్దకు తిరిగిపోవుటవలన మనము నేర్చుకొనునదేమి?
2. నీవు ప్రస్తుతము మోయుచున్న పని నీదేనా, సౌలు కవచమా? ఎట్లు తెలిసికొందువు?
3. నీ ప్రక్కన కూర్చున్న యౌవనస్థునిలో నీవు చూచిన వరమేది? అది అతనికి ఎప్పుడైన చెప్పితివా?
4. మన సంఘములో చదువు నడుమ ఆగి సిగ్గుతో ఇంటనున్నవారు ఎవరు? ఈ వారము వారి యింటికి ఎవరు పోవుదురు?

ప్రార్థన

తండ్రీ, మా బిడ్డలు ఎటుపోవలెనో తెలియక నిలిచియున్నారు. వారి చేతిలో నీవుంచినదానిని వారికిని మాకును చూపుము. మా ఆశలను వారి భుజములమీద బరువుగా ఉంచకుండ మమ్మును కాపాడుము. తప్పిన దారినుండి తిరిగి వచ్చినవారిని ఆదరించు మనస్సు మాకు దయచేయుము. ఈ దినపు పనిని నమ్మకముగా చేయు కృప అనుగ్రహించుము. యేసు నామమున, ఆమేన్.