ఉపాధ్యాయుని అలసట – పంచాయతీ కర్తవ్యము

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు రహదారిపై గుండుగొలను గ్రామము గలదు. దానికి దక్షిణమున కొల్లేటి లంక గ్రామములు, చేపల చెరువులు నున్నవి. ఈ ప్రాంతమున చదువురాని తల్లిదండ్రుల బిడ్డకు బడిలోని ఉపాధ్యాయుడే చదువునకు ఏకైక ఆధారము. ఆ ఉపాధ్యాయుడు అలసి నిరుత్సాహపడినచో ఆ బిడ్డకు వేరు దారి లేదు. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

పాఠము చెప్పుటవలన కలుగు అలసట రాత్రి విశ్రాంతితో తీరును. తీరని అలసట వేరొకటి గలదు. రెండు మూడు తరగతులను ఒక్కరే చూచుట, మధ్యాహ్న భోజనపు లెక్కలు వ్రాయుట, ఫోనులో ఫొటోలు తీసి పంపుట, నీరు రాని కుళాయికై తిరుగుట – ఇవన్నియు దినదినము పేరుకొనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇట్టి స్థితిని వృత్తి సంబంధమైనదిగా గుర్తించినది. దీనిని వ్యాధిగా పేర్కొనలేదు. శక్తి ఉడుగుట, పనిపై విముఖత, సామర్థ్యము తగ్గుట దీని లక్షణములు. పనిచేయు చోట ఎడతెగని ఒత్తిడిని సరిదిద్దకపోవుటయే దీనికి కారణము. కనుక చికిత్సయు ఆ చోటనే జరుగవలెను. ఉపాధ్యాయునికి ఓర్పు బోధించినంత మాత్రమున ఫలము లేదు.

చట్టము కొంత రక్షణ కల్పించినది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు – ఈ మూడు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదు. అరువదిమంది పిల్లల వరకు గల ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. పాఠముల తయారీతో కలిపి వారమునకు 45 గంటల పని నిర్ణయింపబడినది.

ఉపాధ్యాయుల నియామకము, బదిలీలు పంచాయతీ చేతిలో లేవు. అయినను 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చినది. మనము చేయదగినవి ఇవి:

1. బడికి ప్రతిదినము మంచినీరు అందునట్లు చూడుట. మరుగుదొడ్లు శుభ్రపరచు ఏర్పాటు చేయుట. ఉపాధ్యాయినులకు గడియగల ప్రత్యేకమైన మరుగుదొడ్డి అవసరము.

2. పాఠముల వేళ ఉపాధ్యాయులను సభలకు, సన్మానములకు పిలువకుండుట.

3. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినపుడు బడి సహాయ శిబిరమైనచో, నీరు తీసిన వెంటనే బురద ఎత్తించి, నీటితొట్టెలలో బ్లీచింగు వేయించి, తరగతులకు సిద్ధము చేయుట. ఈ పని ఉపాధ్యాయులపై వదలరాదు.

4. పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉందురు. వారి సమావేశములు సక్రమముగా జరుగునట్లు సహకరించుట. మన శక్తికి మించిన లోపములను తీర్మానరూపమున మండల విద్యాశాఖాధికారికి పంపుట.

వచ్చు సమావేశమునకు ప్రధానోపాధ్యాయుని బడి విడిచిన వేళ ఆహ్వానించి, “పాఠము చెప్పనీయక మిమ్ము ఆపుచున్న పని ఏది?” అని అడుగుడు. వారు చెప్పినవానిలో పంచాయతీ తీర్పగలిగిన ఒక్కదానిని ఆనాడే చేపట్టుడు. ఉపాధ్యాయునికి మిగిలిన ప్రతి గంటయు మన బిడ్డలకే దక్కును.