మలివయసులో ముష్టియుద్ధం

ముష్టియుద్ధం యువకుల క్రీడ. ముప్పై అయిదేళ్ళు దాటేసరికి కాలి వేగం, చూపులోని చురుకు సన్నగిల్లి చాలామంది యోధులు బరినుండి తప్పుకొంటారు. నటనకు అటువంటి గడువు లేదు. మరి అరవై ఏడేళ్ళ నటుణ్ణి, డెబ్భై ఏళ్ళ నటుణ్ణి ఎదురెదురుగా బరిలోకి దింపితే ఏమవుతుంది? 2013 డిసెంబరు 25న అమెరికాలో విడుదలైన 'గ్రడ్జ్ మ్యాచ్' అనే హాస్యచిత్రానికి ఈ ఊహే ఆధారం. దర్శకుడు పీటర్ సీగల్.

ఆ నటులు సిల్వెస్టర్ స్టాలోన్, రాబర్ట్ డి నీరో. వీరినే ఎన్నుకోవడానికి బలమైన కారణముంది. 1976లో వచ్చిన 'రాకీ' చిత్రానికి కథను స్టాలోన్ స్వయంగా రాశాడు. అప్పటికి ఆయన పేరులేని నటుడు. కథను మాత్రమే కొంటామని నిర్మాతలు ఆశచూపినా, నాయకపాత్ర తనకే ఇవ్వాలని పట్టుబట్టి సాధించుకొన్నాడు. ఆ చిత్రం ఉత్తమచిత్రంగా ఆస్కార్ పొందింది. డి నీరో 1980లో 'రేజింగ్ బుల్' చిత్రంలో జేక్ లమోటా అనే నిజమైన ముష్టియోధుడి పాత్ర ధరించాడు. పతనదశను చూపడానికి దాదాపు ఇరవై ఏడు కిలోల బరువు పెరిగాడు. ఉత్తమనటుడిగా ఆస్కార్ అందుకొన్నాడు. అంటే, ఈ ఇద్దరిలో ఎవరిని చూసినా ప్రేక్షకుడికి ఒక పాత యోధుడు గుర్తుకు వస్తాడు. కొత్త చిత్రం ఆ జ్ఞాపకాన్నే పెట్టుబడిగా పెట్టింది.

కథ పిట్స్‌బర్గ్ నగరంలో జరుగుతుంది. రేజర్, కిడ్ అనే యోధులు యౌవనంలో రెండుసార్లు తలపడి చెరొకసారి గెలిచారు. తేల్చవలసిన మూడవ పోటీకి ముందే రేజర్ క్రీడను విడిచిపెట్టాడు. ఇందుకు మూలం ఒక స్త్రీ విషయంలో కలిగిన మనస్తాపం. ముప్పై ఏళ్ళు గడిచాయి. రేజర్ కార్మికుడు, కిడ్ మద్యశాల నడుపుతున్నాడు. వీడియో ఆట తయారీకోసం పిలిచినచోట ఇద్దరూ కలియబడతారు. ఆ దృశ్యం అంతర్జాలంలో వ్యాపించడంతో, మిగిలిపోయిన మూడవ పోటీకి మళ్ళీ గిరాకీ వస్తుంది.

హాస్యం ప్రధానంగా శరీరాలనుండి పుడుతుంది. కిడ్ కొద్దిదూరం పరుగెత్తి ఆయాసపడతాడు. 'రాకీ'లో నాయకుడు వేలాడే మాంసపు ముక్కలను గుద్ది సాధన చేస్తాడు. ఇక్కడ రేజర్ మాంసం ముందు పిడికిలి బిగించబోగా ముసలి శిక్షకుడు వారిస్తాడు. ఆ శిక్షకుడిగా అలన్ ఆర్కిన్ ముక్తసరి మాటలతో నవ్విస్తాడు. నాకు నచ్చనిది ఆరంభఘట్టం: కంప్యూటర్ సాయంతో ఇద్దరికీ పడుచు ముఖాలు అతికించారు. మన తెరపై యాభై దాటిన నాయకులు విగ్గుతో, రంగుతో కుర్రవాళ్ళుగా కనిపించడం మనకు అలవాటే. ఇది దానికి ఖరీదైన రూపం. ముడుతలు దాచని ఘట్టాలలోనే ఈ నటులు మెరుగ్గా ఉన్నారు.

చివరి పోటీలో నవ్వు పక్కకు తప్పుకొంటుంది. రేజర్‌కు ఒక కన్ను కనిపించదు. ఆ సంగతి తెలిసిన తరువాత కిడ్ ఆ వైపు కొట్టడం మానుకొంటాడు. కిడ్ పడిపోయినప్పుడు రేజర్ చేయందించి లేపుతాడు; తాను పడినప్పుడు కిడ్ కూడా అలాగే లేపుతాడు. న్యాయనిర్ణేతలు స్వల్ప తేడాతో రేజర్‌ను విజేతగా ప్రకటిస్తారు. ముప్పై ఏళ్ళ పగ తీర్చుకోవడానికి వచ్చినవారు ప్రత్యర్థి నిలబడి ఉండాలని కోరుకోవడం ఈ సాధారణ చిత్రంలోని అసాధారణ ఘట్టం.

ఇదంతా కేవలం కల్పన అని కొట్టివేయలేము. జార్జ్ ఫోర్‌మన్ 1974లో మహమ్మద్ అలీ చేతిలో ఓడి ప్రపంచ హెవీవెయిట్ బిరుదు పోగొట్టుకొన్నాడు. తరువాత ఆటకే దూరమై మతబోధకుడయ్యాడు. పదేళ్ళకు తిరిగివచ్చినప్పుడు ఆయన స్థూలకాయాన్ని చూసి నవ్వినవారున్నారు. 1994 నవంబరు 5న, నలభై అయిదేళ్ళ వయసులో, మైకేల్ మూరర్‌ను పదవ రౌండులో పడగొట్టి ఆ బిరుదును తిరిగి సంపాదించాడు. ఇరవై ఏళ్ళనాడు ఓడిన రోజున ధరించిన లాగునే ఆనాడూ ధరించాడు.

'గ్రడ్జ్ మ్యాచ్' విమర్శకులను పెద్దగా మెప్పించలేదు. స్టాలోన్ 2015లో 'క్రీడ్' చిత్రంలో మళ్ళీ రాకీగా కనిపించాడు. ఈసారి గుద్దులు విసరలేదు. జబ్బుపడిన ముసలి శిక్షకుడిగా బరి అంచున నిలిచి ఒక యువకుడికి యుద్ధం నేర్పాడు. ఆ పాత్రకు, ముప్పై తొమ్మిదేళ్ళ తరువాత, నటుడిగా రెండవసారి ఆస్కార్ ప్రతిపాదన లభించింది.