ప్లాస్టిక్కు జాతులు

ప్లాస్టిక్కు అను మాట ఒక్కటే గాని, ఆ పేరుతో చలామణి యగు పదార్థములు అనేకములు. నీళ్ళసీసా, దాని మూత, పాలప్యాకెట్టు, దువ్వెన, గోడవెంట దిగు నీటిగొట్టము - వీనినన్నిటిని మనము ఒకే పేరుతో పిలుచుచున్నాము. బంగారమును, సీసమును, ఇనుమును ఒకే మూసలో వేసి కరగించు కంసాలి ఎచ్చటను లేడు. ప్లాస్టిక్కు విషయమున మాత్రము, అన్నియు నొక బుట్టలో వేసిన చాలును, తక్కిన పని యంత్రములే చేయునని పెక్కురు తలంతురు. అది నిజము కాదు.

ప్లాస్టిక్కులలో మొదట రెండు కుటుంబములు కలవు. ఒకటి లక్కవంటిది. వేడి తగిలిన మెత్తబడును, చల్లారిన గట్టిపడును. రెండవది కాల్చిన కుండవంటిది. ఒకమారు గట్టిపడిన పిమ్మట మరల కరగదు. 1907లో లియో బేక్లండ్ కనిపెట్టిన బేకలైటు ఈ రెండవ కుటుంబమునకు చెందినది. కుక్కరు పిడులు, పాతకాలపు విద్యుత్ స్విచ్చులు దానితో చేసినవే. వానిని కరగించి మరియొక వస్తువు చేయుట సాధ్యము కాదు.

కరగు కుటుంబమునందును జాతిభేదములు కలవు. 1988లో అమెరికా దేశపు ప్లాస్టిక్కు పరిశ్రమ సంఘము వీనికి 1 నుండి 7 వరకు అంకెలు నిర్ణయించెను. నీళ్ళసీసా 1, దాని పేరు పెట్. షాంపూ డబ్బాలకు వాడు గట్టి పాలిథీను 2. గొట్టములకు వాడు పి.వి.సి. 3, సంచులకు వాడు మెత్తని పాలిథీను 4. సీసామూతలు సాధారణముగా 2 గాని, పాలిప్రొపిలీన్ అను 5 గాని అయి యుండును. థర్మోకోలు 6. తక్కినవన్నియు 7. వస్తువు అడుగున బాణములతో కూడిన త్రికోణములో ఈ అంకెను చూడవచ్చును. ఆ బాణములను చూచి, ఈ వస్తువు తప్పక మరల ఉపయోగపడునని కొందరు పొరబడుదురు. అది జాతిని తెలుపు గుర్తు మాత్రమే.

ఈ జాతులు ఒకదానితో నొకటి కలియవు. పెట్ కరగుటకు సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలయును. పి.వి.సి. అంత వేడికి ఓర్వలేదు. అంతకు ముందే అది విచ్ఛిన్నమై నల్లబడి, హైడ్రోక్లోరికామ్లపు ఆవిరిని విడుచును. ఆ ఆవిరి పెట్‌ను చెరచి పసుపుపచ్చగా మార్చుటయే గాక, యంత్రపు లోహమును కూడ తినివేయును. గంపెడు సీసాలలో నొక చిన్న పి.వి.సి. ముక్క ఉన్నను ఆ సరకు విలువ పడిపోవును.

మూతలను వేరుచేయుట సులభము. సీసాలను ముక్కలు చేసి నీటితొట్టిలో పోసిన, పాలిథీను, పాలిప్రొపిలీన్ ముక్కలు నీటికంటె తేలికైనవగుటచే తేలును, పెట్ మునుగును. కాని పి.వి.సి.యు మునుగును! ఇచ్చట నీరు తోడ్పడదు. మనుష్యుని కన్నును, చేయియు కావలయును. పెద్ద కర్మాగారములలో కాంతికిరణములతో జాతిని గుర్తించు యంత్రములు లేకపోలేదు. అయినను మన దేశమున ఈ పనిలో అధికభాగము చేతులమీదుగానే జరుగుచున్నది.

ముంబయిలోని ధారావి ఈ పనికి పేరొందినది. అచ్చటి కూలీలు ముక్కను వంచి చూతురు, నేలపై వేసి చప్పుడు విందురు. అప్పటికిని తేలనిచో కొసను కాల్చి వాసన చూతురు. పాలిథీను కొవ్వొత్తివలె మండి చుక్కలుగా కారును. పాలిస్టైరీన్ నల్లని మసి చిమ్మును. పి.వి.సి. మంట తీసినంతనే ఆరిపోవును. దాని పొగ ముక్కును మండించును. ఆ పొగ ఊపిరితిత్తులకు హాని. విద్యార్థులు దీనిని ఎన్నడును పరీక్షింపరాదు. ఆ కూలీలు పొట్టకూటికై దినదినము పీల్చుచున్నారు.

ఇంత శ్రమపడినను ప్లాస్టిక్కు చిరంజీవి కాదు. కరగించిన ప్రతిసారియు దాని పొడవైన అణుమాలలు తెగి బలము తగ్గును. అందుచే నీళ్ళసీసా తరచుగా మరల సీసా గాక, దారమై బట్టలోనికి, లేదా దూదివలె దిండులోనికి చేరును. 2015 వరకు లోకమున పోగుపడిన ప్లాస్టిక్కు చెత్తలో నూటికి తొమ్మిది వంతులు మాత్రమే మరల వస్తురూపము దాల్చినవని 2017లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. చిరుతిండి ప్యాకెట్టును చూడుడు. దానిలో ప్లాస్టిక్కు పొరకు పలుచని అల్యూమినియము పూత అంటియుండును. ఆ రెంటిని విడదీయు ఖర్చు సరకు విలువను మించును. కావున చెత్త ఏరువారు దానిని వంగి తీయరు. అది వీథిలోనే మిగులును. పాలప్యాకెట్టునకు వెల కలదు. దాని మూలను కత్తిరించి పారవేసిన తునకకు మాత్రము లేదు.

1993లో పూనాలో చెత్త ఏరువారు కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అను సంఘముగా నేర్పడిరి. కాగితము, గాజు, రేకు అని ఆ మరాఠీ పేరులోని మొదటి మూడు మాటల కర్థము. అందు ప్లాస్టిక్కు లేకపోవుట గమనింపదగినది. 2008లో వారు స్వచ్ఛ్ అను సహకార సంఘమును స్థాపించి, నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొనిరి. నాటినుండి ఆ సంఘసభ్యులు కుప్పలలో వెదకుటకు బదులు, ఇంటి వాకిటనే తడిచెత్తను, పొడిచెత్తను వేరువేరుగా అందుకొనసాగిరి. పొడిచెత్త అమ్మగా వచ్చు సొమ్ము వారిదే. పులుసు, అన్నపుమెతుకులు అంటని సీసాకు వర్తకుడు ఎక్కువ ధర నిచ్చును.