అడ్వాన్సు ఇచ్చే ముందు చదువు

తమ్ముడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2018 డీజిల్ బ్రెజా, ఒకటే ఓనర్, టైర్లు కొత్తవి అన్నావు. నేను నడిపేదీ అదే బండి కాబట్టి ఎలా ఉంటుందో చెప్పమన్నావు. బండి మంచిదే. నీకు మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను.

దాని ఇంజన్ 1248 సీసీ. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాదు వచ్చేటప్పుడు నాకు దాని మీద ఒక్క ఫిర్యాదు కూడా ఉండదు. ముందు వెళ్తున్న లారీని దాటాలంటే ఐదో గేరులోనే కాలు నొక్కుతూ కూర్చుంటే లాభం లేదు. మూడుకు దించి, ఆర్‌పీఎం ముల్లు 2000 దాటించాలి. అప్పుడు టర్బో అందుకుంటుంది, బండి ఒక్క ఊపున ముందుకు పోతుంది. అంతకు తక్కువలో దానికి పికప్ ఉండదు. నీ రోజువారీ ప్రయాణం మొత్తం ఆ 2000కు కిందనే కదా! కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ దాకా ఒకటి, రెండు గేర్లలో పాకుతావు. క్లచ్ మీంచి కాలు తీసే సందే ఉండదు. ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగావంటే, మళ్లీ కదిలించేటప్పుడు నీకే తెలుస్తుంది. అలా నడిపితే క్లచ్ ప్లేట్లు తొందరగా పోతాయి, ఆ ఖర్చు చిన్నది కాదు.

మీ ఆఫీసులో తలా ఒక మాట చెబుతున్నారని రాశావు. ఒకాయన ఎకోస్పోర్ట్ స్టీరింగ్‌ను పొగుడుతాడు, ఇంకొకాయన నెక్సాన్ గట్టి బండి అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఎవరి దారి గురించి వాళ్లు చెబుతున్నారు. నెక్సాన్‌కు 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు ఇచ్చింది, బ్రెజాకు అదే ఏడాది నాలుగు వచ్చాయి. ఎకోస్పోర్ట్ హైవే మీద నిలకడగా పోతుంది. కానీ దాన్ని చేసిన ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే చెప్పేసింది. అది కొనాలనుకుంటే దాని పని బాగా తెలిసిన మెకానిక్‌ను ముందు వెతుక్కో, బండిని తర్వాత వెతుక్కోవచ్చు.

ఏ బండైనా దాన్ని నడిపే ఓనర్‌ను మైలేజీ ఎంత అని అడగకు, అందరూ ఎక్కువే చెబుతారు. ఈ మధ్య వచ్చిన పెద్ద ఖర్చు ఏమిటి, క్లచ్ ఎప్పుడు మార్చారు, వెనక కూర్చున్న పెద్దవాళ్లు గతుకుల్లో ఏమంటారు, ఇవి అడుగు. కొని ఆరు నెలలైన వాడి మాట కన్నా, ఒకసారి టైర్లు, బ్యాటరీ మార్పించిన వాడి మాట నమ్ము.

మనింటికి ఇలాంటి ఎత్తు బండే కావాలన్నది మాత్రం నా మాట కూడా. అమ్మ మోకాళ్లు నీకు తెలుసు. చిన్న కారైతే సీట్లోకి దిగాలి, లేచేటప్పుడు తలుపు పట్టుకుని మూలగాలి. బ్రెజాలో సీటు నడుము ఎత్తున ఉంటుంది, పక్కగా కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. 198 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉంది కాబట్టి మన ఊరి స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలదు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లు. ఇంజన్ ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పు, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో అప్పుడే తెలుస్తుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3518 అని ఉంటే 2018లో ముప్పై అయిదో వారంలో తయారైందని అర్థం. కొత్త టైర్లన్న మాట నిజమో కాదో అక్కడ చూసుకో.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లలో మునిగిన బండి కాకూడదు. 2024 సెప్టెంబరులో ఇక్కడ ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఎన్ని కార్లు మునిగాయో చూశాం. కడిగి పాలిష్ పెడితే పైకి ఏమీ కనిపించదు. సీటు బెల్టును చివరిదాకా లాగు. రోజూ లోపలే చుట్టుకుని ఉండే ఆ భాగాన్ని తుడవాలన్న ఆలోచన చాలామందికి రాదు, అక్కడ బురద చార కనిపిస్తుంది. సీటు కింద పట్టాల తుప్పు చూడు, కార్పెట్ ఎత్తి వాసన చూడు. ఏ చిన్న అనుమానం వచ్చినా ఎంత తక్కువకిస్తానన్నా తీసుకోకు.

ఢిల్లీ బండ్లు చవకగా వస్తాయని ఎవరైనా అంటే తొందరపడకు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉంటూ వచ్చాయి కాబట్టి ఇటు తెచ్చి అమ్ముతుంటారు. ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలుపుకుంటే ఆ చవక ఏమీ మిగలదు. ఏ బండైనా ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందేమో చూడు, చలాన్లు చూడు. పేరు మారిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ నీ పేరుకు మార్పించుకో. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌దే, అది బండితో పాటు నీకు రాదు.

నా మాట వింటే 2020 తర్వాతి పెట్రోల్ బ్రెజా చూడు. 1462 సీసీ, ట్రాఫిక్‌లో రెండో గేరులోనే మెత్తగా పోతుంది. మైలేజీ డీజిల్ అంత రాదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, వాటిలో మొదటి ఏళ్ల బండ్లు దానికోసం చేసినవి కావు, కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. అయినా నువ్వు తిరిగే దూరానికి డీజిల్ మీద మిగిలేది ఏమీ లేదు.

వచ్చే ఆదివారం నేనే వస్తాను, ఇద్దరం కలిసి నడిపి చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ రూపాయి అడ్వాన్సు ఇవ్వకు.

మీ అక్క